హెచ్.పి.వి. వేరు, హెచ్.ఐ.వి. వేరు
రెండూ కలిస్తే ముప్పు ఎక్కువ - పరీక్షకు వెనుకాడరాదు

ఖమ్మం: పేర్లలో తేడా ఒక్క అక్షరమే. హెచ్.ఐ.వి. అంటే ఎయిడ్స్ తెచ్చే క్రిమి అని పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. హెచ్.పి.వి. అంటే ఏమిటో చదువుకున్న వారిలోనూ చాలామందికి తెలియదు. రెండూ ఒకటే అనుకుంటే జరిగే నష్టం ఇంతా అంతా కాదు. గర్భసంచి ముఖద్వారానికి పరీక్ష చేయించుకొమ్మని నర్సమ్మ చెబితే, "నాకు ఆ రోగం అంటగడతారా?" అని ఆడవారు వెనుదిరిగే అవకాశం ఉన్నది. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలు మాత్రం "ఉన్న జబ్బు చాలదా, ఇంకోటి ఎందుకు?" అని ఊరుకోవచ్చు. నిజానికి ఈ పరీక్ష అందరికన్నా ఎక్కువ అవసరమైనది వారికే.

ఈ రెండు క్రిములను కనుగొన్న శాస్త్రవేత్తలకు 2008లో ఒకేసారి వైద్య నోబెల్ బహుమతి లభించింది. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు హెచ్.పి.వి. కారణమని తేల్చిన జర్మనీ డాక్టర్ హరాల్డ్ జుర్ హౌసెన్‌కు సగం బహుమతి దక్కింది. హెచ్.ఐ.వి.ని కనుగొన్న ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఇద్దరికి మిగతా సగం పంచారు. బహుమతి పంచుకున్న ఈ రెండు క్రిములే ఇప్పుడు లక్షలాది స్త్రీల శరీరాల్లో జతకూడుతున్నాయి.

నూటికి తొంభైమందిలో తనంత తానే పోతుంది

హెచ్.పి.వి. రకాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో సుమారు పద్నాలుగు రకాలు మాత్రమే కాన్సర్‌కు దారితీయగలవు. అందులోనూ 16, 18 నంబర్ల రకాలే నూటికి డెబ్భై ముఖద్వార కాన్సర్లకు మూలం. భార్యాభర్తల కలయికలో, చర్మానికి చర్మం తగలడం వల్ల ఇది సోకుతుంది. నిరోధ్ వాడితే కొంత రక్షణ ఉంటుంది కాని పూర్తిగా ఆగదు. మగవారికి ఏ లక్షణమూ కనిపించకుండానే ఇది ఉండవచ్చు. కాబట్టి పెళ్లినాటి నుంచి ఒక్క భర్తతోనే కాపురం చేసిన ఇల్లాలికి కూడా రావచ్చు. ఇది వచ్చిందంటే నడవడిక చెడ్డదని అనుకోవడం అన్యాయం.

మేడ్చల్ ప్రాంతపు గ్రామాల్లో 2000 తర్వాత జరిగిన పరిశీలనల్లో నూటికి సుమారు పదిమంది స్త్రీలలో ఈ క్రిమి ప్రమాదకర రకాలు కనిపించాయి. ఆ పదిమందికీ కాన్సర్ వస్తుందని అర్థం కాదు. ఒంట్లో రోగనిరోధక శక్తి సరిగా ఉంటే, సోకిన వారిలో నూటికి తొంభైమందికి ఏడాది రెండేళ్లలో క్రిమి దానంతట అదే అణగిపోతుంది. అలా పోకుండా ఏళ్ల తరబడి నిలిచి ఉన్న వారిలోనే ముఖద్వారం మీద మార్పులు మొదలై, పదిహేను ఇరవై ఏళ్లకు కాన్సర్‌గా మారతాయి. కనుక పరీక్షలో హెచ్.పి.వి. ఉందని తేలితే అది ఎయిడ్సూ కాదు, కాన్సరూ కాదు. జాగ్రత్త పడడానికి వ్యవధి ఉన్నదని చెప్పే హెచ్చరిక మాత్రమే.

హెచ్.ఐ.వి. ఉంటే వ్యవధి తగ్గుతుంది

చేను కాపలాదారు నిద్రపోతే పందులు పడ్డట్టే ఇక్కడ జరిగేదీ. హెచ్.ఐ.వి. రోగనిరోధక కణాలను దెబ్బతీస్తుంది. కాపలా బలహీనపడడంతో హెచ్.పి.వి. తేలికగా సోకుతుంది, సోకినది పోకుండా తిష్ఠ వేస్తుంది. మామూలు స్త్రీలలో పదిహేను ఇరవై ఏళ్లు పట్టే మార్పు, హెచ్.ఐ.వి.కి మందులు వాడని స్త్రీలలో ఐదు నుంచి పదేళ్లలోనే రావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. హెచ్.ఐ.వి. లేని స్త్రీలతో పోలిస్తే ఉన్నవారికి ఈ కాన్సర్ ముప్పు ఆరు రెట్లు. ముఖద్వార కాన్సర్‌ను ఎయిడ్స్ దశకు గుర్తుగా అమెరికా 1993లోనే లెక్కలోకి తీసుకున్నది.

ఏ.ఆర్.టి. మందులు త్వరగా మొదలుపెట్టి, మానకుండా వాడిన వారిలో ఈ ముప్పు తగ్గుతుంది. అయితే పూర్తిగా పోదు. ఇక్కడే ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు. వాటి పుణ్యమా అని ఒకప్పుడు ముప్ఫై ఏళ్లకే కన్నుమూసిన వారు నేడు పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. ఎయిడ్స్ నుంచి కాపాడుకున్న ఆ ప్రాణాన్ని, ముందే కనిపెట్టగల కాన్సర్‌కు అప్పగించడం కన్నా బాధాకరం మరొకటి ఉండదు.

సమస్య చిన్నదేమీ కాదు. తెలంగాణలో సుమారు లక్షన్నర మంది, ఆంధ్రప్రదేశ్‌లో మూడు లక్షలకు పైగా హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారని 2023 నాటి జాతీయ అంచనా. వీరిలో స్త్రీలు దాదాపు సగం. ఇక కాన్సర్ సంగతి చూస్తే, 2022లో దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ ముఖద్వార కాన్సర్ రాగా దాదాపు 80,000 మంది మరణించారు.

గర్భసంచి తీయిస్తారు, పరీక్ష చేయరు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. మరోవైపు గర్భసంచి తీసివేసే ఆపరేషన్లలో దేశంలోకెల్లా ముందున్నవి రెండు తెలుగు రాష్ట్రాలే. తెల్లబట్ట అవుతున్నదంటే, నడుం నొప్పి అంటే, "కాన్సర్ అవుతుంది, తీయించెయ్" అనే మాట వినని పల్లె లేదు. అప్పు చేసి ఆపరేషన్‌కు వెళ్లిన వారిలో ఎంతమందికి అంతకు ముందు పది నిమిషాల పరీక్ష జరిగిందన్నది ఆలోచించవలసిన విషయం.

ఆ పరీక్షలో కష్టమేమీ లేదు. ముఖద్వారానికి పలచని వెనిగర్ లాంటి ద్రావకం రాసి, తెల్లమచ్చ వస్తుందేమో నర్సు చూడవచ్చు. హెచ్.పి.వి. పరీక్షకైతే చిన్న బ్రష్‌తో నమూనా తీస్తే చాలు. దానిని స్త్రీ తనంత తానే తీసి ఇవ్వవచ్చు కూడా. మచ్చ కనిపిస్తే చాలామందికి వేడితో గాని చల్లదనంతో గాని అక్కడికక్కడే మాడ్చివేయవచ్చు. గర్భసంచి తీయవలసిన పని ఉండదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్ఫైవేల మందికి పైగా స్త్రీలతో జరిగిన పరిశోధన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిపి వైద్యం అందించిన గ్రామాల్లో ఈ కాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడివారూ మనలాంటి కూలినాలి జనమే.

మామూలు స్త్రీలు 30 ఏళ్లు నిండాక ఐదు నుంచి పదేళ్లకొకసారి, హెచ్.ఐ.వి. ఉన్నవారు 25 ఏళ్ల నుంచే మూడు నుంచి ఐదేళ్లకొకసారి హెచ్.పి.వి. పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

టీకా మీద పాత గాయం

టీకా మాట ఎత్తితే ఈ జిల్లాలో 2009 గుర్తుకు రాక మానదు. ఆ ఏడాది భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14,000 మందికి 'పాత్' అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి హెచ్.పి.వి. టీకా వేయించాయి. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపివేశారు. ఆ మరణాలకు టీకాకు సంబంధం లేదని విచారణ సంఘం అభిప్రాయపడింది. కాని తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేయడాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా దోషం కాకపోయినా, అడగకుండా వేసిన దోషం మిగిలిపోయింది. గిరిజన తల్లిదండ్రుల అనుమానాన్ని అజ్ఞానమని కొట్టివేయడం తగదు.

ఆ తరువాత ప్రపంచమంతటా కోట్లాది బాలికలకు ఈ టీకా వేశారు. మన దేశంలోనే తయారైన 'సెర్వావాక్' టీకా 2023 జనవరిలో విడుదలయింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఒకటి లేదా రెండు మోతాదులు చాలునని, హెచ్.ఐ.వి. ఉన్న బాలికలకు మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. టీకా వేసే వారు ముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి, వారి భాషలో వివరించి, వారి చేతనే సంతకం చేయించుకోవాలి. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష తప్పదు.

చేయవలసిందేమిటి?

హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీ నెలనెలా, లేదా రెండు మూడు నెలలకొకసారి మందుల కోసం ఏ.ఆర్.టి. కేంద్రానికి ఎలాగూ వస్తుంది. మిరప కోతల రోజుల్లో ఆ ఒక్క పూట కూలి పోగొట్టుకోవడమే ఆమెకు భారం. మరో రోజు మరో ఆస్పత్రికి పొమ్మంటే పోదు. పోయినా అక్కడ తన జబ్బు సంగతి మళ్లీ చెప్పుకోవాలి. మందు ఇచ్చేచోటనే, అదే రోజు, ఆడ నర్సు చేత చాటుగా పరీక్ష జరిపిస్తే ఈ చిక్కులన్నీ తీరతాయి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలో కాన్సర్ పరీక్షలకు చోటు కల్పించారు. ఏ.ఆర్.టి. మందులు వాడే స్త్రీలను అటువంటి కార్యక్రమాలతో కలపడం అధికారులకు అసాధ్యమేమీ కాదు.

ముట్లు ఆగిపోయాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచకూడదు. అయితే తొలిదశలో ఏ లక్షణమూ ఉండదు గనుక, బాగున్నప్పుడే పరీక్ష చేయించుకోవడం మేలు. మందులకు వెళ్లిన రోజున "ముఖద్వారం పరీక్ష కూడా చేయండి" అని నోరు తెరిచి అడగడం ప్రతి స్త్రీ హక్కు. ఆమెకు తోడుగా వెళ్లడం ఇంటివారి బాధ్యత. అడిగినవారికి లేదనకుండా ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత.