మా బడి తాళంచెవి ఎవరి మొలతాడుకుంది?

మా వాడల ఒక బడి ఉండె. ఒక్క అర్ర, ముందర అరుగు, పక్కన యాపచెట్టు. ఇప్పుడు అర్ర ఉంది, అరుగు ఉంది, యాపచెట్టు ఉంది. బడి లేదు. తలుపుకు తాళం ఉంది.

ఊరి పేరు రాయను. పెద్దమందడి మండలంలో ఒక ఊరు అనుకోండి. పేరు రాస్తే అది ఆ ఒక్క ఊరి పంచాయితి అయిపోతది. ఇది ఒక్క ఊరి పంచాయితి కాదు. వాడ ఉన్న ప్రతి ఊరిదీ.

ఆ బడి ఎట్ల పుట్టిందో ముందు చెప్పాలె. మా నాయిన ఊరి బడికి మూడే దినాలు పోయిండు. గడప అవతల కూసోబెట్టిండ్రు. పలక మీద అక్షరం రాసియ్యాలంటే పలకను నేల మీద పెట్టి దూరం జరగాలె. పంతులు రాసి, పలకను కాలితోటి ఇటు తోస్తడు. నాలుగో దినం మా నాయిన బడికి పోలే. పటేలు దొడ్లె జీతమున్నడు. ఆయనకు ఇరవై ఏండ్లు దాటినంక వాడ పెద్దమనుషులు కూడి, మాకు వేరే బడి కావాలె అని తాలూకా ఆఫీసు చుట్టు తిరిగిండ్రు. సర్కారు పంతులును ఇచ్చింది గాని గోడలు ఇయ్యలే. రాళ్లు మా తాతలు మోసిండ్రు. మన్ను మా అవ్వలు తొక్కిండ్రు. దూలాలు ఎవరి చేనుల కొట్టిండ్రో ఎవరూ అడగలే, ఎవరూ చెప్పలే.

ఆ అర్రల నేను 1978లో ఒకటో తరగతిల కూసున్న. ముందు వరుసల. ఈ రెండు మాటలు అగ్రకులపోళ్లకు మామూలు మాటలు. ‘ముందు వరుస’ అన్నది నాకు ఇప్పటికీ మామూలు మాట కాదు.

పాలమూరు లేబర్ అంటే దేశమంతటికీ ఎరుక. ఆనకట్ట కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా, పుణె బొంబాయిలల్ల మేడలు లేవాలన్నా మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి లారీల ఎక్కించుకపోతుండె. దసరా అయిందంటే వాడ సగం ఖాళీ. మా అమ్మ, నాయిన కూడ పోయిండ్రు. చిన్నపిల్లలను ఎంటేసుకొని పోయేటోళ్లు. ఆ పిల్లలు అక్కడ ఇసుక కుప్పల మీద పెరిగి, అక్కడే తట్ట పట్టేటోళ్లు. నన్ను మాత్రం ఎంట తీస్కపోలే. ఎందుకంటే ఇంట్ల అవ్వ ఉన్నది, ఇంటి ముందర బడి ఉన్నది. అవ్వ పొయ్యి కాడి నుంచి చూస్తే నేను కూసున్న జాగ కనపడేది. లారీ ఎక్కకుండ నన్ను ఆపింది ఆ అర్ర. నేను ఈయాల పంతులునై నాలుగు ముక్కలు రాస్తున్ననంటే అది నా తెలివి కాదు. అవ్వ చూపుకు ఆనేంత దూరంల బడి ఉండుడు.

1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్ బోర్డు’ అన్నది. ప్రతి ప్రాథమిక బడికి రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు అన్నది. మా బడికి నల్లబల్ల వచ్చింది. రెండో గది రాలే, రెండో పంతులు రాలే. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం వచ్చింది. ఐదో తరగతి దాక కిలోమీటరు లోపల, ఎనిమిది దాక మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలన్నరు. సంబరపడ్డం. బడి దగ్గరుండాలని పెట్టిన ఆ కిలోమీటరు కొలతనే మా బడి మెడకు ఉరితాడు అయితదని అప్పుడు మాకు తెలియదు.

కొన్నేండ్ల కింద ఒక ఆఫీసరు జీపుల వచ్చిండు. రిజిస్టరు తిప్పిండు. పద్నాలుగు మంది పిల్లలు.

‘‘మీ పిల్లల మేలుకే చెప్తున్న సార్’’ అన్నడు నాతోని. ‘‘ఊరి బడి ఎనిమిది వందల మీటర్లే ఉన్నది. అక్కడ టీచర్లున్నరు, గదులున్నయి. పద్నాలుగు మందికి ఒక బడి ఎందుకు?’’

‘‘ఎనిమిది వందల మీటర్లే గని, నడుమ ఊరున్నది సార్’’ అన్న.

‘‘మీరు టీచరై ఉండి అట్లంటరేంది? ఏ కాలంల ఉన్నరు?’’ అన్నడు.

ఏ కాలంల ఉన్ననో ఆయనకు చూపెట్టాలంటే ఆరేండ్ల పిల్ల చెయ్యి పట్టుకొని ఆ ఎనిమిది వందల మీటర్లు నడిపించాలె. ముందు వాగు. వానాకాలం మోకాలు లోతు. తర్వాత తారురోడ్డు, ఇసుక ట్రాక్టర్లు. తర్వాత బెల్టుషాపు, పొద్దుగాల్నే తాగి కూసునేటోళ్లు. తర్వాత గుడి ముందర తొవ్వ. అక్కడ మా పిల్లలు చెప్పుల సప్పుడు కాకుండ నడవడం ఎవరూ నేర్పకుండనే నేర్చుకుంటరు. తర్వాత బడి. అక్కడ గడప అవతల కూసోబెట్టరు, నిజమే. చట్టం ఉన్నది. వెనుక బల్ల మీద కూసోబెడ్తరు. ‘వాడోళ్లు వచ్చిండ్రు, ఇగ బడి నాశనమే’ అని పిల్లలు వినేటట్టు అంటరు. ఊరికీ వాడకూ నడుమ దూరాన్ని టేపుతోని కొలవవచ్చునన్నోడు వాడల పుట్టలే.

దీనికి సర్కారు పెట్టిన పేరు ‘రేషనలైజేషన్’. తెలుగుల హేతుబద్ధీకరణ. హేతువు అంటే మాకు తెలుసు. గుడిల రాయి దేవుడు ఎట్లయిండని అడిగి దెబ్బలు తిన్నోళ్లం. ఈ హేతువు మాత్రం అర్థమైతలేదు. ముప్పై ఏండ్లు రెండో పంతులును ఇయ్యకుండ బడిని ఎండబెడ్తరు. ఎండిన బడిల పిల్లలు తగ్గుతరు. పిల్లలు తగ్గిండ్రు కాబట్టి బడి మూస్తమంటరు. బర్రెకు గడ్డి పెట్టకుండ, పాలు ఇస్తలేదని కోతకు అమ్ముడు ఇది.

‘‘ఒక్క పంతులు ఐదు తరగతులు చెప్తే అది చదువా?’’ అని అడుగుతరు. కాదు. నేను చెప్పిన. ఒకటో తరగతికి ‘అ ఆ’ దిద్దిచ్చుకుంట, ఐదో తరగతికి భిన్నాలు చెప్పిన. మీటింగుకు పిలిస్తే ఆ దినం బడి లేనట్టే. ఆ గోస నాకు తెలిసినంత ఆఫీసర్లకు తెలియదు. అందుకే అంటున్న, రెండో పంతులును ఇయ్యిండ్రి అని. ఇల్లు కురుస్తున్నదంటే పెంకు మారుస్తరు గని మనుషులను వెళ్లగొట్టి తలుపులకు మొలలు కొడ్తరా?

ఆ పద్నాలుగు మంది లెక్క చెప్త. ఐదుగురు ఊరి బడికి పోతున్నరు. నలుగురిని అప్పుచేసి ప్రైవేటు బస్సు ఎక్కిచ్చిండ్రు. ముగ్గురిని అమ్మ నాయినలు హైదరాబాదుకు, అపార్టుమెంట్లు కట్టే కాడికి ఎంట తీస్కపోయిండ్రు. ‘‘బడి ఇంటి ముందరుంటే ముసల్దాని కాడ ఇడిసిపెట్టేటోళ్లం, గా రోడ్డు ఎవరు దాటిస్తరు సారూ’’ అన్నరు. ఇద్దరు ఆడపిల్లలు ఇంటికాడ ఉన్నరు, చిన్నపిల్లలను ఎత్తుకొని. సర్కారు కాయితం మీద పద్నాలుగు మంది ‘విలీనం’ అయిండ్రు. మా కండ్ల ముందట తొమ్మిది మంది సర్కారు బడి నుంచి జారిపోయిండ్రు.

ఇంకొక లెక్క ఎవరూ రాసుకోరు. మా చిన్నమ్మ ఆ బడిల వంట చేస్తుండె. వంటమనుషుల నియామకంల దళితులకు, ఆదివాసులకు ముందు అవకాశం ఇయ్యాలె అని 2004 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం లెక్కల ఆ పనికి 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయలు. అది జీతం కాదు, పేరు గౌరవ వేతనం. గౌరవం పైసలల్ల లేదు గని మరో తీరుగ ఉండె. మాదిగామె చేతి బువ్వ సర్కారు బువ్వ అయింది. ఊళ్లెకెల్లి వచ్చిన ఇన్‌స్పెక్షన్ సారు కూడ రుచి చూసి రిజిస్టరుల సంతకం పెట్టాల్సి వచ్చింది. బడి ఊళ్లెకు పోయింది. చిన్నమ్మ పోలే. ‘‘కొడుకా, అక్కడ నా చెయ్యి పొయ్యి కాడికి రానిస్తరా?’’ అన్నది. ఇప్పుడు కలుపుకు పోతున్నది.

బడి అంటే ఉట్టి పాఠాలు కాదు మాకు. ఆ అరుగు మీదనే ఏప్రిల్ 14న బాబాసాహెబ్ ఫోటోకు దండేసేది. పేపరు వస్తే ఒకరు చదివితే ఇరవై మంది వినేది అక్కడనే. దండోరకు పోదామని డప్పు కొట్టింది ఆ యాపచెట్టు కింద. అదొక్కటే మా జాగ. ఇప్పుడు అండ్ల ఎవరియో ఎరువు బస్తాలున్నయి. తాళంచెవి మా అవ్వ బొడ్డుల ఉండె ఒకప్పుడు. పంతులు పొద్దుగాల వచ్చి ‘‘అవ్వా, తాళంచెవి’’ అని అడుగుతుండె. ఇప్పుడది ఊళ్లె ఒక పెద్దమనిషి మొలతాడుకున్నది.

వనపర్తి రాజుగారి మహల్‌ల 1959లో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టిండ్రు. మంచి పని. రాజుల మహల్ చదువులకు వచ్చింది. మాదిగల అర్ర చదువుల నుంచి గోదాముకు పోయింది. చరిత్ర ముందుకే నడుస్తదన్నోళ్లు మా వాడకొచ్చి చూడాలె.

ఇది కొత్త కథ కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందర జోతిరావు ఫూలే అడిగింది ఇదే. పైచదువులకు పోసే పైసలల్ల కింద కులాల పిల్లల మొదటి చదువుకు భాగమేది అని. 1910లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదు ఇసామియా బజారుల, లింగంపల్లిల అంటరానోళ్ల పిల్లలకు బడులు ఎందుకు పెట్టిండు? ఉన్న బడులు మావి కావు కాబట్టి. 1953లో మద్రాసు రాష్ట్రంల రాజాజీ, పిల్లలు సగం పూట బడికి, సగం పూట ఇంటి పనికి అన్నడు. ఇంటి పని అంటే కులం పని. ద్రావిడ ఉద్యమం దాన్ని ‘కుల చదువు’ అని పేరుపెట్టి తరిమింది. 1954లో కామరాజు వచ్చినంక అది రద్దయింది. అప్పుడు సగం పూట గుంజుకున్నరు. ఇప్పుడు బడినే గుంజుకుంటున్నరు.

పార్టీలు మారినా ఈ బుద్ధి మారలే. 2014లో రాజస్థాన్‌ల వేల బడులను కలిపేసిండ్రు. ఆంధ్రప్రదేశ్‌ల 2022 జూన్‌ల 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తోలిండ్రు. పంతుళ్లు, తల్లిదండ్రులు రోడ్డెక్కినంక, సర్కారు మారినంక 2025లో ఆ జీవో పోయింది. అదే 2025ల ఉత్తరప్రదేశ్ యాభై మంది కంటె తక్కువున్న బడులను జతచేస్తనన్నది. కేంద్రం లెక్కల ప్రకారమే 2024-25లో ఒక్క పిల్లగాడు కూడ లేని బడులు దేశంల 7,993. అండ్ల పశ్చిమ బెంగాల్ 3,812, తర్వాత మన తెలంగాణనే, 2,245. తెలంగాణ వస్తే మా బతుకులు మారుతయని పాడినోళ్లం, ఆడినోళ్లం, లాఠీదెబ్బలు తిన్నోళ్లం. ఈ రెండో నంబరు కోసమా?

‘‘గురుకులాలున్నయి కదా’’ అంటరు. ఉన్నయి. మా పిల్లలు అండ్ల చదివి డాక్టర్లయితున్నరు, సంతోషమే. కాని గురుకులం తలుపు ఐదో తరగతిల తెరుస్తది, అదీ పరీక్ష రాస్తె. నాలుగో తరగతి దాక ఆ పిల్ల ఎక్కడ చదువాలె? అక్షరం రాని పిల్లకు పరీక్ష పెట్టి ‘మెరిట్ లేదు’ అంటరా?

మాదిగోళ్లకు ఇంకొక మాట. ముప్పై ఏండ్లు కొట్లాడినం. 1994ల ఈదుమూడిల మొదలైన దండోర, 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు దాక నడిచింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల వర్గీకరణ అమలుకొచ్చింది. మనమున్న గ్రూపుకు తొమ్మిది శాతం. ఆ తొమ్మిది శాతం తీసుకోవాలంటే పిల్ల పది పాసు కావాలె కదా! ఒకటో తరగతికి తాళమేసి ఉద్యోగంల వాటా ఇస్తే ఎవరొచ్చి తీసుకుంటరు? ఇప్పటికే పట్నంల స్థిరపడ్డ మనసోంటోళ్ల పిల్లలే.

మనసోంటోళ్లు అన్న. నన్ను కలుపుకొనే అన్న. దాచిపెట్టకుండ చెప్త. ఆ పద్నాలుగు మంది పేర్లల్ల నా కొడుకు పేరు లేకుండె. వాడు వనపర్తిల ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిల చదువుకున్నడు. నా తోటి చదివి నౌకర్లు చేసినోళ్ల పిల్లలు అందరూ అంతే. ఆఫీసరుతోని నేను గట్టిగ మాట్లాడుతుంటే వాడల ఒకామె మెల్లగ అన్నది: ‘‘సారు కొడుకు ఈ బడిల ఉంటే ఈ బడి మూసేటోళ్లా?’’ ఆఫీసరు వినలే. నేను విన్న. జవాబు లేదు నా కాడ. బడిని ఎండబెట్టింది సర్కారే, కాని ఎండుతుంటే చెంబెడు నీళ్లు పొయ్యకుండ బస్సెక్కినోళ్లల్ల నేను మొదటోన్ని. ఈ తప్పు ఒప్పుకోకుండ ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

అందుకే ఊరికే తిట్టి ఊరుకోవడానికి కాదు, అడగడానికి రాస్తున్న. విద్యాహక్కు చట్టం బడి కమిటీ ఉండాలన్నది. నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడోళ్లు ఉండాలన్నది. మా కమిటీని ఎవరు అడిగిండ్రు? వాడ బడి మూసేముందు వాడ కూసొని ఒప్పుకోవాలె. కిలోమీటర్లు కాదు, వాగును, రోడ్డును, కులాన్ని కొలవాలె. మూసిన బడులు తెరవాలె, ఇద్దరు పంతుళ్లతోని, ఇంగ్లీషుతోని, మా చిన్నమ్మసోంటోళ్ల పొయ్యితోని. విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ యూనివర్సిటీల సీట్ల కోసం కొట్లాడిండ్రి, తప్పకుండ. కాని సెలవులకు ఊరికి పోయినప్పుడు మీరు ‘అ ఆ’ దిద్దిన అర్ర తెరిచి ఉన్నదో లేదో చూసి రాండ్రి. మూసిన బడుల పేర్లు, జారిపోయిన పిల్లల లెక్కలు మనమే రాయాలె. వాళ్లు రాయరు.

వచ్చే జూన్‌ల బడులు తెరిచే దినం నేను మా వాడ అరుగు మీద పలకలు పట్టుకొని కూసుంట. ఇంటికాడున్న ఇద్దరు ఆడపిల్లలు వస్తమన్నరు. చిన్నమ్మ వస్తనన్నది. హైదరాబాదుల ఉన్నోళ్లకు కబురు పంపినం. అందరం కూడి ఊళ్లెకు పోయి, ఆ పెద్దమనిషి ఇంటి ముందర నిలబడి అడుగుతం, మా పంతులు మా అవ్వను అడిగినట్టే: తాళంచెవి.