చూసినందుకూ డబ్బులివ్వాలి

పాత కారు కింద నల్లటి మరక కనబడితే మనవాళ్లు రెండే మాటలంటారు. "పాత బండి కదా, కారుద్ది" అనేది ఒకటి. "సీల్ పోయుండుద్ది, మార్పించెయ్" అనేది రెండోది. ఈ రెండు మాటలూ అనడానికి బానెట్ ఎత్తి చూడక్కర్లేదు. నా గొడవంతా అక్కడే. ఆయిల్ లీకు ఏళ్ల తరబడి ఆగకపోవడానికి బండి వయసు ఒక్కటే కారణం కాదు. వెతకడం అనే పనికి మనం విలువ కట్టకపోవడం అంతకంటే పెద్ద కారణం.

మా ఇంట్లో 1999 మోడల్ మారుతి 800 ఉంది. రెండేళ్లలో దానికి చాంబర్ ప్యాకింగ్ మార్చారు, డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చారు, చాంబర్ చుట్టూ గమ్ పూశారు. అయినా ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట నుంచి బొట్లు పడుతూనే ఉన్నాయి. చివరికి ఒక షెడ్డులో "క్రాంక్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి, ఎనిమిది వేలవుద్ది" అన్నారు. అంత పెట్టేకన్నా బండి అమ్మేయడమే నయమన్నారు నాన్న.

ఇక్కడ మనకి తెలిసిన ఫిజిక్సే చాలు. ఆయిల్ కిందికి కారుతుంది. బండి కదులుతుంటే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. కాబట్టి బొట్టు పడే చోటు లీకు ముగిసే చోటే తప్ప మొదలయ్యే చోటు కాదు. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఎండిపోయి బిరుసెక్కినా, ఆయిల్ ప్రెజర్ స్విచ్ దగ్గర ఊరినా, ఆ ఆయిల్ బ్లాక్ మీదుగా జారి చాంబర్ అంచునే వేలాడుతుంది. కింద నుంచి చూసేవాడికి అన్నీ చాంబర్ లీకుల్లాగే కనిపిస్తాయి.

మా వీధిలో ఒక రిటైరైన మెకానిక్ ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాం. ఆయన మొదటిరోజు ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ఆయిల్‌ని వేలితో తీసి వాసన చూశారు. గేర్ ఆయిల్ అయితే గంధకం లాంటి ఘాటు ఉంటుంది, ఇది ఇంజిన్ ఆయిలే అని తేల్చారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కిరోసిన్‌తో కడిగించి పూర్తిగా ఆరనిచ్చారు. అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ చల్లి, పావుగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచి, టార్చితో పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చారు. అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో అదే అసలు చోటు. మా బండిలో అది సిలిండర్ హెడ్ చివర డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరికింది. దాని ఓరింగ్ ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడిపోయింది. అక్కడ ఊరిన ఆయిల్ సరిగ్గా గేర్‌బాక్స్ మీదికే జారుతోంది.

ఓరింగ్ ఖరీదు వంద రూపాయల లోపే. అది వేశాక బ్రీతర్ పైపు కూడా ఊడదీసి శుభ్రం చేశారు. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి, మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ని బయటికి తోస్తుంది. ఒక సీల్ మార్చగానే ఇంకోచోట లీకు మొదలవడానికి చాలాసార్లు ఇదే కారణం. నాన్న ఐదొందలు ఇస్తే పక్కింటివాళ్లు "ఓరింగుకి ఐదొందలా!" అని నోరెళ్లబెట్టారు.

ఓరింగుకి కాదండీ. ఎనిమిది వేల పని అక్కర్లేదని తేల్చినందుకు.

షెడ్డువాళ్లు మోసగాళ్లని నేననను. ఒక కుర్రాడు రెండు గంటలు టార్చి పట్టుకుని వెతికితే బిల్లులో ఏమని రాస్తారు? "చూసినందుకు కూడా డబ్బులా?" అని గొడవపడేది మనమే. పార్టుకీ, బిగించినందుకూ మాత్రమే ఇస్తామంటే వాళ్లు పార్టులే మారుస్తారు. డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం కదా, బండి దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క ఎందుకు మారాలి?

మన కాలేజీలూ ఇదే నేర్పుతున్నాయి. వైవాలో "గాస్కెట్ ఉపయోగం ఏమిటి?" అని అడుగుతారు. "ఈ ఇంజిన్ ఎక్కడ కారుతోంది, ఎలా చెప్పగలవు?" అని ఎవరూ అడగరు. ల్యాబ్‌లో మెరిసే కట్ మోడల్ పక్కన కారుతున్న పాత ఇంజిన్ ఒకటి పెట్టి, సరిచేసినందుకు కాకుండా చోటు కనిపెట్టి కారణం చెప్పినందుకు మార్కులేస్తే ఎంత బాగుంటుంది!

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. డిప్‌స్టిక్ వారానికోసారి చూడండి. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు చెప్పేది ఆయిల్ ప్రెజర్ గురించే, లెవెల్ గురించి కాదు. అది వెలిగేసరికి బేరింగులు దెబ్బతినడం మొదలై ఉండొచ్చు. కాలిన వాసనొస్తే ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడుతోందేమో చూడండి, దాన్నుంచి మంటలు రావచ్చు. ఇక షెడ్డుకి వెళ్లినప్పుడు ముందే ఈ మాట చెప్పండి: "అన్నా, ముందు ఎక్కడో వెతికి చూపించు. దానికి వేరే ఇస్తాను. పార్టు సంగతి తర్వాత."