ఆసుపత్రికి తోడెవరు?

కడప జిల్లా పల్లెల్లో ఒకరికి పెద్ద జబ్బు చేసిందంటే ఇంట్లో మొదట తేలాల్సింది ఏ ఆసుపత్రికి అన్నది కాదు, ఎవరు కూడా పోవల్ల అన్నది. ఎర్రగుంట్ల మండలం చిలమకూరునే తీసుకోండి. రేనాటి చోళుల శాసనమున్న పాత ఊరు, సున్నపురాయి పుణ్యాన సిమెంటు ఊరూ అయింది. ఇక్కడి నుంచి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో, జమ్మలమడుగులో వందేళ్లు దాటిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికో పోవడానికి బస్సులున్నాయి, ఆటోలున్నాయి, ఫోను చేస్తే 108 ఉంది. జేబులో ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. రోజురోజుకీ కరువవుతున్నది పక్కన కూర్చునే మనిషి.

ఆ మనిషి చేసే చాకిరీ చిన్నదేం కాదు. ఓపీ చీటీ రాయించాలి, స్ట్రెచర్ తోయాలి, రక్తపరీక్ష కాగితం కోసం గది గదికీ తిరగాలి. సెలైన్ అయిపోవస్తుంటే నర్సును పిలవాలి, మూత్రం సంచి ఖాళీ చేయాలి, రాత్రి మంచం పక్కన చాప పరుచుకుని మెలకువగా ఉండాలి. డాక్టరు చెప్పింది నొప్పితో ఉన్న రోగి చెవికి సగమే ఎక్కుతుంది. మిగతాది విని, గుర్తుపెట్టుకుని, ఇంట్లో మాత్ర వేళకు వేయించేది వెంట వచ్చినవాళ్లే. సిబ్బంది చాలక ఈ పని బంధువుల మీద పడిందంటారు. అది సగం నిజం. మన వైద్యవ్యవస్థ మొదటి నుంచీ నమ్ముకున్నదే దీన్ని: రోగి వెనక ఒకరు వస్తారు, వారికి జీతం ఇవ్వనక్కర్లేదు. ఎవరూ లేనివాడు వస్తే మాత్రం వార్డంతా తికమకపడుతుంది.

మనిషికి మనిషి తోడుంటే ఆరోగ్యం బాగుంటుందన్నది పెద్దలు ఎప్పుడూ చెప్పే మాటే కదా అని తీసిపారేయొచ్చు. లెక్కలు అలా తీసిపారేసేవి కావు. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లపాటు సుమారు 7 వేల మందిని గమనించారు. ఆ వివరాలను పరిశీలించిన లీసా బర్క్‌మన్, లెనార్డ్ సైమ్ 1979లో ఫలితం ప్రకటించారు: బంధుమిత్రులు బాగా తక్కువున్నవాళ్లలో మరణాలు బాగా ఎక్కువున్నవాళ్లకంటే రెండింతలకు పైగా ఉన్నాయి. పొగతాగడం, మద్యం, ఊబకాయం వంటివాటి ప్రభావాన్ని పక్కనపెట్టి చూసినా తేడా పోలేదు. 2010లో 148 అధ్యయనాలను, 3 లక్షల పైచిలుకు మంది వివరాలను కలిపి చూసినప్పుడు, గట్టి సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిది ఒంటరితనమే, దానివల్ల ఏటా సుమారు 8 లక్షల 71 వేల మంది చనిపోతున్నారు.

ఒంటరితనం రక్తపోటు పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది అని శాస్త్రవేత్తలు చెబుతారు. మన దగ్గర అంతకన్నా మొరటు కారణం ఒకటుంది. ఛాతీలో నొప్పొస్తే గ్యాసులే అని ముసుగుతన్ని పడుకున్న ముసలాయనను తిట్టి, లేపి, ఆటో ఎక్కించేవాళ్లు ఇంట్లో లేకపోవడం.

ఇప్పుడు ప్రభుత్వ లెక్కలు చూద్దాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు మోసింది. ఎన్నో కుటుంబాలను అప్పుల్లోంచి కాపాడింది, అందులో అనుమానం లేదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా వచ్చింది. శస్త్రచికిత్స అయినవారు కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇస్తామన్నారు. జబ్బు చేసినవాడి కూలి పోతుందని సర్కారు ఒప్పుకోవడం మంచి మలుపే. అయితే అతని పక్కన కూర్చుని అంతే కూలి పోగొట్టుకున్న భార్య ఆ లెక్కలో ఎక్కడా కనబడదు. డయాలసిస్ సంగతి ఇంకా కష్టం. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి. రానుపోను కలిపితే రోజు గడిచిపోతుంది. రోగికి పింఛను వస్తుంది. వారంలో మూడు రోజులు రానని చెప్పే మనిషిని మాత్రం నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఎవరు పెట్టుకుంటారు? సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే కాంట్రాక్టు కార్మికుడికి అన్ని సెలవులు ఎక్కడివి?

అందుకే ఈ బరువు తిరిగి తిరిగి ఆడవాళ్ల మీదకే వస్తుంది. కోడలు, కూతురు, లేదంటే తనకే మోకాళ్లు పట్టేసిన భార్య. ఆ ఆడవాళ్లూ ఇప్పుడు ఊళ్లో ఉండటం లేదు. పాత కడప జిల్లాలో, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు, ఇంటిపనికి కువైట్ పోయిన ఆడవాళ్లు లేని పల్లె అరుదు. అక్కడ పరాయి ఇంట్లో ముసలామెకు స్నానం చేయించి, అన్నం తినిపించినందుకు జీతం ఉంది. ఇక్కడ కన్నతల్లికి అదే పని చేస్తే రూపాయి రాదు. పోయినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు పంపే డబ్బుతోనే ఆ తల్లికి మందులొస్తున్నాయి.

ఇక్కడే చాలామంది ఉమ్మడి కుటుంబాల కాలాన్ని తలచుకుని నిట్టూరుస్తారు. నాకు ఆ నిట్టూర్పు మీద గురి లేదు. ఆ ఇళ్లలో ముసలివాళ్లకు సేవ జరిగిందంటే కోడలికి ఎదురుచెప్పే వీలు లేకపోవడమూ ఒక కారణం. పైగా బంధం ఉన్నంత మాత్రాన ఆరోగ్యం వచ్చేయదు. ఈ సీమలో ఫ్యాక్షన్ నడిచింది కూడా బంధుత్వం, విశ్వాసం పేరు మీదే. ఆ బంధాలు ఎందరినో ఆసుపత్రికి చేర్చాయి, కాకపోతే కత్తిగాట్లతో. క్షయ వచ్చిన పిల్లకు పెళ్లి కాదని జబ్బును దాచిపెట్టేది బంధువులే. మనసు బాగాలేనివాణ్ణి గాలి సోకిందని తాయెత్తులకు తిప్పేదీ వాళ్లే. ఊరి పెద్దింటికి జబ్బు చేస్తే పలకరించను వచ్చే జనం ఎస్సీ కాలనీ దాకా నడవరు. అంచేత కావాల్సింది ఎక్కువ బంధాలు కాదు. చుట్టరికం, కులం అడ్డురాకుండా అందే తోడు కావాలి. అది ఉన్నపళంగా పుట్టదు, ఎవరో ఒకరు కట్టాలి, దానికి డబ్బు పెట్టాలి.

కేరళ ఆ పని చేసి చూపించింది. మలప్పురం జిల్లాలో 2000 ప్రాంతంలో ఇరుగుపొరుగువాళ్లే బృందాలుగా ఏర్పడ్డారు. వారంలో కొన్ని గంటలు కేటాయించి మంచం పట్టినవారి ఇళ్లకు పోవడం మొదలుపెట్టారు. పుండ్లు కడగడం, పక్కమీద తిప్పి పడుకోబెట్టడం నేర్చుకున్నారు. వెనక నర్సు, ఆ వెనక డాక్టరు ఉన్నారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. పంచాయతీలు ఇంటింటికీ తిరిగే నర్సుకు నిధులు పెట్టాయి. కేరళతో మనకు పోలికేమిటంటారు గానీ, ఇంటి గడప తొక్కే మనుషులు మనకూ ఉన్నారు. ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి పింఛను పట్టుకుని ప్రతి ముసలివారి ఇంటికీ వస్తాడు. వేలిముద్ర పడగానే పక్కింటికి పోతాడు. పోయిన నెలలో పడ్డావా, మందులున్నాయా, అన్నం ఎవరు పెడుతున్నారు అని అడిగి ఆ జవాబును ఏఎన్ఎంకు చేరవేయడానికి ఎంతసేపు పడుతుంది? ఆశా కార్యకర్త కూడా ఊళ్లోనే ఉంది. గర్భిణుల పని, పిల్లల టీకాలు, సర్వేలు ఆమె మీదే ఉన్నాయి. ఇంకో పని నెత్తిన పెట్టి గౌరవ వేతనం మాత్రం అంతే ఉంచితే ఇంట్లో కోడలికి చేసిన అన్యాయమే ఆమెకూ చేసినట్టు.

మంచానికే పరిమితమైనవారికి రాష్ట్రం 2024లో పింఛనును 5 వేల నుంచి 15 వేలకు పెంచింది. పెద్ద మొత్తమే. ఒక మనిషి రోజంతా మరొకరికి అవసరమని ప్రభుత్వం పరోక్షంగానైనా ఒప్పుకున్నట్టే. ఆ చూసుకునే మనిషి పేరు కూడా కాగితం మీదకు ఎక్కాలి. ఆమెకు నెలలో నాలుగు రోజులు సెలవు దొరకాలి, ఆ నాలుగు రోజులూ పంచాయతీ తరఫున ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. ఆసుపత్రిలో చేర్చిన రోగికి తోడున్న ఒకరికి ఉపాధి హామీ కూలితో సమానంగా రోజుకూలి ఇవ్వాలి. ఎవరూ లేనివారికి వార్డులోనే జీతం మీద ఒక సహాయకురాలు ఉండాలి.

డబ్బెక్కడిదనే ప్రశ్న చిలమకూరు లాంటి ఊళ్లో నిలవదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాలు బాగా గడించే పెద్ద కంపెనీలు అందులో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీని నడుపుతూ వచ్చిన ఇండియా సిమెంట్స్ 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. దగ్గర్లోనే కలమళ్ల వద్ద థర్మల్ కేంద్రం ఉంది. మన దగ్గర ఇలాంటి నిధులు సాధారణంగా కనబడే కట్టడాలవైపే మొగ్గుతాయి. బస్సు షెల్టరు మీద దాత పేరు రాసుకోవచ్చు, మంచంలో ఉన్న ముసలామె వీపు పుండు కడిగే నర్సు మీద రాసుకోలేరు. అందుకని ఊరివైపు నుంచే అడగాలి: ఒక నర్సు, ఒక వాహనం, తోడు పోయేవారికి రోజుకూలి. రేపటి గ్రామసభలో సిమెంటు రోడ్డు కంటే ముందు రాయాల్సిన తీర్మానం ఇదే.