తన వంశం పేరు వినబడే కచేరీ

మణుగూరు అనగానే చాలామందికి సింగరేణి ఓపెన్‌కాస్టులు, భారజల కర్మాగారం, ఈమధ్య వచ్చిన 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం గుర్తొస్తాయి. ఆ మండలంలోనే కూనవరం అనే ఊరుంది. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వేరు, అది 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. మణుగూరు పక్కనున్న ఈ కూనవరంలో సకిని రామచంద్రయ్య అనే డోలీ కళాకారుడు ఉండేవారు. 2022లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అదే జాబితాలో పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య కూడా ఉన్నారు. 'భీమ్లా నాయక్' పాట పుణ్యమా అని మొగిలయ్య గొంతు అప్పటికే ఇంటింటికీ చేరింది. రామచంద్రయ్యను మాత్రం ఆయనెవరో, ఏం పాడతారో చెప్పి పరిచయం చేయాల్సి వచ్చింది.

అందులో వింతేమీ లేదు. ఆయన పాట సినిమా కోసమో, సెల్‌ఫోను కోసమో పుట్టింది కాదు. ఎదురుగా మనుషులు కూర్చుంటేనే దానికి అర్థం.

కోయల్లో వంశ చరిత్రలు పాడేవాళ్లు డోలీలు. మూడో గట్టు (గోత్రం) నుంచి ఏడో గట్టు దాకా ఏ గట్టుకు ఆ గట్టు వేల్పులున్నారు, ఆ వేల్పులకు కథలున్నాయి. అవన్నీ డోలీల నోట్లో ఉంటాయి. సమ్మక్క సారలమ్మల కథే కాదు, గిరికామరాజు, పగిడిద్దరాజు, ఇరామరాజు, బాపనమ్మ, ముసలమ్మ, నాగులమ్మ, సడలమ్మల కథలు కూడా రామచంద్రయ్యకు కంఠతా వచ్చు. కోయలోనూ చెప్పేవారు, తెలుగులోనూ చెప్పేవారు.

కొలుపు జరిగేచోట పడిగె విప్పుతారు. అదొక పొడవాటి త్రికోణపు గుడ్డ, దానిమీద వేల్పుల బొమ్మలు, వీరుల బొమ్మలు వరసగా ఉంటాయి. మెడలో వేసుకున్న డోలు మోగుతుంది, కంచుతాళం ఖంగుమంటుంది, కథ మొదలవుతుంది. నేల మీద కూర్చున్నవాళ్లలో ముసలివాళ్లకు కథ ముందే తెలుసు. పిల్లకాయలకు తెలియదు, సగంమంది చూపు పక్కవాడి ఫోను మీదే ఉంటుంది. అయితే కథ నడిచి నడిచి తమ గట్టు దగ్గరికి, తమ ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల తల కూడా లేస్తుంది. యుద్ధంలో నిలబడ్డ ఆ మనిషి తన తాతల తాత అని నలుగురి మధ్య కూర్చుని వినడం వేరు, పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా చదవడం వేరు. ఆశ్రమ పాఠశాల పుస్తకంలో అసలు ఆ పేరా అయినా ఉంటుందా అన్నది మరో ప్రశ్న.

ఇలా ఒక్కసారి కూర్చుని వినడం మనిషి బతుకును ఎటు తిప్పగలదో చెప్పాలంటే అలెక్స్ హేలీ కథ ఉంది. ఆ అమెరికన్ నల్లజాతి రచయిత 1967లో గాంబియాలోని జుఫురె అనే ఊరికి వెళ్లాడు. అక్కడి గ్రియో, అంటే వంశ చరిత్రలు చెప్పే పెద్దమనిషి, కింటే వంశాన్ని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చి కుంటా అనే కుర్రాడు కనబడకుండా పోయిన చోట ఆగాడు. హేలీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునే కథలోని పేరుకు అది కలిసింది. 1976లో 'రూట్స్' వచ్చింది. ఆ పెద్దమనిషి చెప్పినదాంట్లో చరిత్ర ఎంత, దూరం నుంచి వచ్చిన అతిథి మనసు నొప్పించకూడదన్న మర్యాద ఎంత అని తర్వాత పరిశోధకులు గట్టిగానే నిలదీశారు. అది అడగాల్సిన ప్రశ్నే. సమ్మక్క కథలోని యుద్ధం మీద కూడా శాసనాలు వెతికే చరిత్రకారులకు సందేహాలున్నాయి. కానీ ఆ గొంతు వినకపోతే హేలీ అన్నేళ్లు ఆ పుస్తకం పట్టుకుని కూర్చునేవాడా అన్నది అనుమానమే.

మళ్లీ మన వైపుకొస్తే, ఈ అడవి అంచుకు వాగ్గేయకారుల సంగతి కొత్తేమీ కాదు. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఖజానా సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరలో పడ్డాడు. అక్కడ కూర్చుని రాముడికి చేయించిన నగల లెక్కంతా రాముడి ముందే పెట్టి నిలదీశాడు. ఇప్పటికీ భద్రాచలంలో ఆ నగలను పొద్దున చూసి, సాయంత్రం ఆ కీర్తన వినవచ్చు. కచేరీలో ఆ నగల వరుస వచ్చినప్పుడు జనం ముందు నవ్వుతారు, చరణం ముగిసేసరికి ఆ నవ్వు ఉండదు. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో గుంటూరు నుంచి వచ్చిన తూము నరసింహదాసు రామదాసు కీర్తనల మోజులో పడి భద్రాద్రి సేవకే అంకితమయ్యాడు. తర్వాతి కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు, విజయవాడ రేడియో కలిసి వాటిని తెలుగు వంటింటిదాకా తీసుకెళ్లాయి. ఏటా రామదాసు జయంతికి వాగ్గేయకారోత్సవాలు, నవరత్న కీర్తనల గోష్ఠిగానం జరుగుతూనే ఉన్నాయి.

ఆ గుడి పుట్టుక కథలో మొదటి పేరు పోకల దమ్మక్కది. రాముడి విగ్రహాలను మొదట చూసి, పందిరి వేసి, పండ్లు పెట్టిన ఆదివాసీ స్త్రీగా ఆమెను చెప్పుకుంటారు. దమ్మక్క పేరిట సేవాయాత్ర కూడా చేస్తున్నారు. అదే ఊళ్లో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది, దాని ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. ఇన్ని ఉన్న ఊళ్లో డోలీ కథకు మాత్రం ఏటా ఒక రాత్రి, ఒక చోటు, ఒక తేదీ ఖాయంగా ఉండాలన్న ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు ఊపందుకోలేదో అర్థం కాదు. రామదాసు పాటకు రేడియో, సభ, గురువు, శిష్యుడు అన్నీ సమకూరాయి. డోలీకి దక్కినవి ఎక్కువగా బిరుదులూ శాలువాలే.

మంత్రిగారి కారు దిగగానే కొమ్ముల నాట్యం, రేలా ఆట ఎదురొస్తాయి. ఎండలో రెండు గంటలు నిలబెట్టి, ఐదు నిమిషాలు ఆడించి, ఫొటో దిగి పంపిస్తారు. ఏజెన్సీలో ఇది అందరూ చూసిందే. కళకు గౌరవం అంటే ఇదే అనుకుంటున్నారు కాబోలు.

డోలీ కథ కొలుపులో భాగం, దాన్ని వేదికెక్కిస్తే ప్రదర్శనగా మారిపోతుందన్న అభ్యంతరం ఒకటుంది. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అందుకే ఆహ్వానం వాళ్ల పద్ధతిలోనే ఉండాలి. ఏ పడిగె ఎప్పుడు విప్పాలో, ఏ కథ బయటివాళ్ల ముందు చెప్పాలో, ఏది చెప్పకూడదో డోలీ పెద్దలే తేల్చాలి. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి ఆదివాసీ వాద్యాలనూ పడిగెలనూ సేకరించి 'ఆద్యకళ'గా చూపించారు. ఆ పని జరగకపోతే చాలా వాద్యాల పేర్లు కూడా బయటికి తెలిసేవి కావు. అయితే గాజు పెట్టె వెనకున్న డోలు ఏ పిల్లవాడి ఇంటిపేరూ చెప్పదు.

రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. కథ మొత్తం నోటికొచ్చిన డోలీలు కొద్దిమందే మిగిలారు. 2011 లెక్కల ప్రకారం కోయ మాట్లాడేవాళ్లు సుమారు 4 లక్షల మంది. వినేవాళ్లు ఉన్నారు, చెప్పేవాళ్లే తరిగిపోతున్నారు. ఆశ్రమ పాఠశాలల్లో డోలీ పెద్దలను నెల జీతం మీద పెట్టుకుని పిల్లల్ని పక్కన కూర్చోబెడితే ఐటీడీఏకు అయ్యే ఖర్చు ఒక ఉత్సవానికి వేసే షామియానాల బిల్లును మించకపోవచ్చు. వాగ్గేయకారోత్సవాల్లోనూ ఒక రాత్రి వాళ్లకు వదలాలి. మైకు ముందు పది నిమిషాలు కాదు, కథ ముగిసేదాకా ఎంతసేపు పడితే అంతసేపు. అతిథుల ప్రసంగాలు మర్నాడు పొద్దున పెట్టుకున్నా కొంపేమీ మునగదు.