డెమో అదిరింది, కారు రాలేదు!

చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా, ఇంటర్ కుర్రాళ్ల లెక్కల నోట్సు తిరగేస్తే చివరి పేజీలో కారు బొమ్మలు కనబడతాయి. 'ముందు ఎంసెట్ సంగతి చూడు' అంటారు ఇంట్లో. మిర్చి, పత్తి రేటును బట్టి ఫీజు కట్టే ఇళ్లు కదా, ఆ భయం నాకు తెలుసు.

కానీ ప్రతాప్ బోస్ కథ వినండి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో, తర్వాత లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. ఆయన టాటా డిజైన్ హెడ్‌గా ఉండగా, 2017 జెనీవా మోటార్ షోలో రేసెమో అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చూపించారు. సీట్ల వెనకాల 1.2 లీటర్ల టర్బో ఇంజిన్. చూసినవాళ్లు ఫిదా! మార్కెట్లోకి మాత్రం రాలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో, డెమో అదిరింది, రిలీజ్ ఆగిపోయింది.

ఆయన ఆగలేదు. మహీంద్రాకు మారాక, 2023 ఫిబ్రవరిలో బీఈ.05 అనే కాన్సెప్ట్ హైదరాబాద్ వచ్చింది. 2024 నవంబర్‌లో దాదాపు అదే రూపంతో బీఈ 6ఈగా విడుదలైంది. దాని ఇంగ్లో ప్లాట్‌ఫామ్ మీదే ఎక్స్‌ఈవీ 9ఈ కూడా తయారవుతోంది. అంటే ఖర్చు రెండు కార్ల మధ్య పంచుకోవచ్చు. బొమ్మ బతకాలంటే అందంతో పాటు ఈ లెక్క కూడా కుదరాలి.

ఆ బొమ్మ, ఈ లెక్క రెండూ నేర్పే చదువు మన పక్కనే ఉంది. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ 2015 నుంచి గుంటూరు జిల్లాలోనే నడుస్తోంది. ఇండస్ట్రియల్ డిజైన్‌లో బీడెస్ చేయొచ్చు, ఇంటర్లో ఏ గ్రూపైనా సరే. సీట్లు తక్కువ, ఫీజు ఎక్కువే. అయినా ఇంట్లో అడిగితే చెప్పడానికి ఒక పరీక్ష పేరుంది: డాట్.