టిఫిన్ హోటల్‌ను ఏమడగాలి, ఎంతడగాలి?

పశ్చిమ ప్రకాశంలోని చంద్రశేఖరపురం లాంటి మండల కేంద్రంలో పొద్దున్నే తెరిచే టిఫిన్ హోటల్ అంటే చాలాచోట్ల భార్యాభర్తలు, ఒక సహాయకుడు, ఒక గ్రైండరు, రెండు పొయ్యిలు. ఇడ్లీ, దోసె, పూరీ, ఉప్మా, బోండాల్లో రోజుకు మూడో నాలుగో రకాలుంటాయి. అన్నిటికీ కలిపి ఒకటే చట్నీ, అదీ వేరుశనగ గింజలదే. ఎండెక్కేలోపు పిండి అయిపోవాలి, మిగిలితే పులిసిపోయి నష్టం. అలాంటి హోటల్ ముందుకు ఇప్పుడు కొత్త ప్రశ్నలు వస్తున్నాయి. షుగరుంది, రాగి ఇడ్లీ ఉందా? బీపీ ఉంది, చట్నీలో ఉప్పు తక్కువేసి ఇస్తారా? పిల్లాడికి పల్లీలు పడవు, ఇంకో చట్నీ ఉందా? గోధుమ పడదు, సాంబార్లో ఏమేస్తారు?

వీటికి సాధారణంగా వినిపించే జవాబులు రెండు. డబ్బులిచ్చేవారు అడిగింది పెట్టాల్సిందేనని కొందరంటారు. పథ్యం ఉన్నవాళ్లు ఇంట్లో తినే బయల్దేరాలని మరికొందరంటారు. మొదటిది చిన్న హోటల్ మోయలేని భారం. రెండోది రోగిని బజారు నుంచి వెళ్లగొట్టే మాట. ఈ రెంటికీ మధ్య న్యాయమైన దారి ఒకటుంది. చిన్న హోటల్ నుంచి ప్రత్యేక వంటకాన్ని ఆశించడం కన్నా ముందు, వండినదాంట్లో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పమని అడగాలి. ఆ పైన ఖర్చు లేకుండా కుదిరే నాలుగు సర్దుబాట్లు అడగాలి. అంతకు మించి ఆశించడం తప్పు, అంతకు తగ్గి సరిపెట్టుకోవడమూ తప్పే.

ఎవరిదీ పథ్యం?

పథ్యం అనగానే ఎవరో నలుగురైదుగురి సమస్యగా కొట్టిపారేస్తారు. లెక్కలు వేరేలా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో దేశమంతటా జరిగిన ‘ఇండియాబ్’ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. పెద్దవాళ్లలో 11.4 శాతం. పల్లెల్లో సైతం నూటికి దాదాపు తొమ్మిది మంది. అధిక రక్తపోటు ఉన్నవాళ్లు 35.5 శాతం. అంటే టిఫిన్ బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ముగ్గురు పెద్దవాళ్లలో ఒకరు ఉప్పు చూసుకుని తినాల్సినవారే. చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా.

పశ్చిమ ప్రకాశానికి వస్తే భారం ఇంకా పెరుగుతుంది. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ దశాబ్దాలుగా పీడిస్తోంది. కిడ్నీ జబ్బులతో బాధపడే కుటుంబాలు ఈ పల్లెల్లో కనిపిస్తాయి. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు తొలి బస్సుకే ఊరు విడిచి వెళ్లాలి. తోడుగా వెళ్లేవారు ఇంట్లో పొయ్యి వెలిగించే వేళ కాదది. దారిలో దొరికేదే వాళ్ల పొద్దుటి తిండి. ఇంట్లో తిని రమ్మనే సలహా వాళ్లకు పనికిరాదు.

హోటల్‌కు పథ్యం కొత్త కాదు

చిన్న హోటళ్లకు ఇలాంటివి చేతకావన్న వాదన అనుభవం ముందు నిలవదు. కార్తీక మాసం వచ్చిందంటే తెలుగు ఊళ్లలో హోటళ్ల ముందు ‘స్వాములకు ప్రత్యేకంగా’ అన్న బోర్డులు లేస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారి కోసం ఉల్లి, వెల్లుల్లి లేని వంట, విడి పాత్రలు, విస్తరాకులు సిద్ధమవుతాయి. మండల దీక్ష 41 రోజులూ అదే పొయ్యి మీద, అదే మనుషులు ఆ నియమం పాటిస్తారు. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే శివ దీక్షాపరులకూ దారి పొడవునా ఇలాంటి ఏర్పాట్లుంటాయి. శనివారం ఒక్కపొద్దున్నవారు రాత్రికి అన్నం మానేసి టిఫిన్ తింటారు కాబట్టి ఆ సాయంత్రం చాలా హోటళ్లు పిండి ఎక్కువ రుబ్బుకుంటాయి. రంజాన్ నెలలో సహర్ వేళకు తిండి దొరికే బజార్లూ ఉన్నాయి.

మరో మార్పు ఎవరూ చెప్పుకోకుండానే జరిగిపోయింది. ఒకప్పుడు టీ అంటే పాలు, ఆకు, చక్కెర కలిపి మరిగించిందే. షుగరున్నవారు అడగడం మొదలుపెట్టాక డికాక్షన్ విడిగా, పాలు విడిగా కాచి, గ్లాసులో పోసేటప్పుడే చక్కెర వేసే పద్ధతి పెరిగింది. ఇప్పుడు బస్టాండు టీ కొట్టులోనూ చక్కెర లేని టీ అడిగితే వింతగా చూడరు. దీనికోసం ఎవరూ చట్టం చేయలేదు. అడిగేవారు పెరిగారు, పెద్ద ఖర్చు లేని మార్గం దొరికింది, అంతే. భక్తికి దక్కిన మర్యాద జబ్బుకూ దక్కాలన్న కోరికలో అత్యాశ ఏమీ లేదు.

కుదరనిదీ ఉంది

అయితే ఉల్లిపాయ మానడం వేరు, ఒంటికి పడని పదార్థాన్ని పూర్తిగా దూరం పెట్టడం వేరు. పల్లీలు పడని పిల్లాడి సంగతే చూడండి. ఆ పూటకు పుట్నాల చట్నీ చేసిచ్చినా, దాన్ని రుబ్బేది పల్లీల చట్నీ రుబ్బిన జారులోనే. తీసేది అదే గరిటెతో. అలర్జీ తీవ్రంగా ఉన్నవారికి ఆ మాత్రం అంటు చాలు, గొంతు వాచి ఊపిరాడని పరిస్థితి రావడానికి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఇది అరుదే. కానీ పెద్దాసుపత్రికి కనిగిరో ఒంగోలో పరుగెత్తాల్సిన ఊళ్లో అరుదైన ప్రమాదాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. అలాంటప్పుడు ‘మా దగ్గర తినకపోవడమే మంచిదండీ’ అని చెప్పగలిగిన హోటల్ యజమానిని మెచ్చుకోవాలి. బేరం పోతుందని ‘ఏం కాదులెండి’ అనేవారే ప్రమాదం.

గోధుమ పడనివారి ఇబ్బంది ఇంకా సూక్ష్మం. గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో తక్కువ. ఉన్నవారికి మాత్రం పూరీ, బోండా, రవ్వ ఉప్మా మానేస్తే సరిపోదు. ఇడ్లీ, సాంబారు క్షేమమనుకుంటారు. కానీ సాంబారు పోపులో పడే ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివితే, చాలా రకాల్లో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. ‘మా సాంబార్లో గోధుమ లేదు’ అని యజమాని నిజాయతీగానే చెబుతారు. ఆ డబ్బా మీద ఏముందో చదవాలని వారికి ఎవరూ చెప్పలేదు. పెనం సంగతీ ఇంతే. రవ్వ దోసె, గుడ్డు దోసె, సాదా దోసె అన్నీ దాని మీదే పడతాయి.

అందుకే ‘గ్లూటెన్ లేదు’, ‘అలర్జీ రాదు’ అనే బోర్డులు పెట్టమని చిన్న హోటళ్లను ఒత్తిడి చేయడం మంచిది కాదు. నిలబెట్టుకోలేని హామీ కన్నా తెలిసిన నిజం మేలు చేస్తుంది.

చిరుధాన్యాల మోజు

పథ్యం అనగానే ఇప్పుడు అందరి నోటా చిరుధాన్యాల మాటే. భారత్ చొరవతో ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది. మెట్ట సేద్యమే ఆధారమైన పశ్చిమ ప్రకాశానికి ఇవి కొత్త తిళ్లు కావు. సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, ఆరిక ఈ నేలలో పండినవే, ఇక్కడి పెద్దలు తిని పెరిగినవే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక అన్నం పేదింటికీ చేరింది. ఆకలి తీరింది, పాత ధాన్యం పళ్లెంలోంచి తప్పుకుంది.

ఆ ధాన్యం తిరిగి పళ్లెంలోకి రావడం మంచిదే. కాకపోతే దాన్ని సర్వరోగ నివారిణిగా అమ్మకూడదు. మెత్తగా పట్టిన రాగిపిండితో కాచిన జావ రక్తంలో చక్కెరను వేగంగానే పెంచగలదు. కిడ్నీ జబ్బు ముదిరినవారికి పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువున్న ముడి ధాన్యాలను వైద్యులు తగ్గించమంటారు. షుగరు రోగికి మేలు చేసేది కిడ్నీ రోగికి కీడు చేయవచ్చు. ఏ జబ్బుకు ఏది తినాలో తేల్చాల్సింది వైద్యులు. హోటల్ యజమాని ఆ పని చేయనక్కర్లేదు.

ఇక లెక్క సంగతి. రోజుకు పదిమంది అడగని రాగి ఇడ్లీ కోసం విడిగా పిండి రుబ్బడం చిన్న హోటల్‌కు గిట్టదు. వారంలో ఒక రోజు, సంత రోజో శనివారమో, ముందే చెప్పి చేస్తే గిట్టవచ్చు. పెసరట్టు అంతకన్నా తేలిక. పెసలు నానబెడితే చాలు, పులియబెట్టే పని లేదు. పప్పుధాన్యం కాబట్టి మాంసకృత్తులూ అందుతాయి.

చట్టం ఏమంటోంది?

2020 నాటి ఆహార భద్రత లేబులింగ్, ప్రదర్శన నిబంధనలు హోటళ్ల మెనూలో కేలరీలు చూపాలని, అలర్జీ కలిగించే పదార్థాల వివరం ఇవ్వాలని చెబుతున్నాయి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కేంద్ర లైసెన్సున్న సంస్థలకు, పది లేక అంతకు మించి శాఖలున్న హోటళ్లకు మాత్రమే అది తప్పనిసరి. బస్టాండు టిఫిన్ హోటల్‌కు వర్తించదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం అలాంటి చిన్న వ్యాపారులకు రిజిస్ట్రేషన్ చాలు.

ఈ మినహాయింపు సబబే. అయినా ఏముందో చెప్పడం చిన్న చోటా సాధ్యమే. బ్రిటన్‌లో 2014 డిసెంబరు నుంచి చిన్న కాఫీ హోటలైనా, బసతో పాటు పొద్దుటి ఫలహారం పెట్టే ఇల్లయినా, 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏది ఏ వంటకంలో ఉందో వినియోగదారుకు తెలియజేయాలి. నువ్వులున్న శాండ్‌విచ్ తిని 2016లో పదిహేనేళ్ల బాలిక ప్రాణాలు కోల్పోయాక, దుకాణంలోనే చేసి పొట్లం కట్టి అమ్మేవాటి మీదా పదార్థాల జాబితా ఉండాలని 2021 అక్టోబరు నుంచి అమలులోకి తెచ్చారు. అంత కఠినమైన చట్టం కూడా వేరే వంటకం వండిపెట్టమని ఎవరినీ ఆదేశించలేదు. ఏముందో చెప్పమంది.

చెప్పాలంటే ముందు తెలియాలి. హోటల్ గోడకు అంటించే ఒక్క కాగితం తెలుగులో ఉంటే చాలు. ఇడ్లీలో మినుములు, బియ్యపు రవ్వ. చట్నీలో పల్లీలు. బోండాలో మైదా, వంటసోడా. ఇంగువలో గోధుమపిండి ఉందా, లేదా. నూనె ఏది. పశ్చిమ ప్రకాశంలో మరో గీత చేర్చాలి: వంటకు వాడేది ఏ నీళ్లు? తాగడానికి శుద్ధి చేసిన నీటి క్యాను పెట్టినా, పిండి రుబ్బడానికి, సాంబారుకు, టీకి బోరు నీళ్లే వాడితే ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ గాఢత పెరుగుతుంది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కృష్ణా నీటి కోసం ఈ ప్రాంతం అప్పటినుంచీ ఎదురుచూస్తోంది. ఆ నీళ్లు ప్రతి ఊరికీ చేరేవరకూ వంటకు మంచినీళ్లు వాడటమే ఇక్కడ అందరికీ పనికొచ్చే తొలి పథ్యం.

ఎవరి వంతు ఎంత?

హోటల్ వంతుకు వచ్చేవి పెద్ద పనులేమీ కావు. ఇడ్లీ విడిగా, ఒకటీ రెండూ లెక్కన అమ్మవచ్చు. చట్నీ, సాంబారు టిఫిన్ మీద పోయకుండా గిన్నెల్లో ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తానికి ఉప్పు అయిదు గ్రాములు దాటకూడదు. చట్నీలో, సాంబార్లో, కారప్పొడిలో కలిసి పొద్దున్నే అందులో ఎంతో భాగం కడుపులోకి వెళ్తుంది. ఉప్పు కాస్త తగ్గించి, కావలసినవారు వేసుకునేలా బల్ల మీద పెడితే ఎవరి రుచీ చెడదు. పూరీలు వేయించిన నూనెనే మర్నాడూ మరిగించడం మానాలి. వాడిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని పారేయాలని 2018 నుంచి నిబంధన ఉంది.

తినేవారి వంతు కూడా చిన్నది కాదు. జబ్బు సంగతి ఆర్డరు చెప్పకముందే చెప్పాలి. పళ్లెం వచ్చాక కోప్పడితే ఎవరికీ ప్రయోజనం లేదు. ఇష్టం లేనిదాన్ని ‘పడదు’ అని చెప్పే అలవాటు మానుకోవాలి. అలా చెప్పేవారు పెరిగితే నిజంగా పడనివారి మాటకు విలువ పోతుంది.

ఎక్కువ భాగం మాత్రం ప్రభుత్వానిదే. ఆహార భద్రత సంస్థకు 2017 నుంచి ‘ఫోస్టాక్’ పేరుతో శిక్షణ కార్యక్రమం ఉంది. మండల కేంద్రంలోని హోటల్ యజమాని వ్యాపారం మూసుకుని జిల్లా కేంద్రానికి వెళ్లలేరు. టిఫిన్ వేళ అయిపోయాక, వాళ్ల ఊళ్లోనే, తెలుగులో రెండు గంటలు చెబితే సరిపోతుంది. అయిదు రూపాయలకు టిఫిన్ పెట్టే అన్న క్యాంటీన్లలో పదార్థాల పట్టిక, తక్కువ ఉప్పు చట్నీ ముందు అమలు చేసి చూపితే చిన్న హోటళ్లు వాటిని చూసి నేర్చుకుంటాయి.

మొదలుపెట్టడానికి చంద్రశేఖరపురం మండలమే అనువైన చోటు. ఇక్కడి భైరవకోనకు, ఒకే కొండలో తొలిచిన గుహాలయాలను చూడటానికి, కార్తీక పౌర్ణమికీ శివరాత్రికీ జనం వెల్లువెత్తుతారు. వాళ్లలో షుగరున్నవారు, బీపీ మాత్రలు వేసుకునేవారు, పసిపిల్లలున్నవారు ఎందరో. కార్తీకానికి ముందే ఆహార భద్రత అధికారులు మండలంలోని హోటళ్లను, పండుగ పూట వెలిసే తాత్కాలిక దుకాణాలను ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టాలి. పదార్థాల పట్టిక అచ్చువేసి ఉచితంగా ఇవ్వాలి. వంట నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షించి ఆ అంకెను అదే కాగితం మీద రాయించాలి.