అమ్మకి మతి చెడలేదు, తెలుగు మాట్లాడింది

మా గుంటూరులో నర్సింగ్ హోమ్ అంటే పురిటికి వెళ్ళే చోటు. కొత్తపేటలో అడుగుకొకటి వుంటుంది. అందుకే 2019లో, న్యూజెర్సీలో మా ఇంటి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న అమ్మతో, హాస్పిటల్ నించి నర్సింగ్ హోముకి మారుస్తున్నారని చెబితే, "ఈ వయసులో నాకు పురుడేమిట్రా!" అని నవ్వింది. ఆ తర్వాత ఆరు వారాలపాటు ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

విషయం తెలిసి ఒక పెద్దమనిషి, శనివారం పార్టీలో గారె కొరుకుతూ, "మనవాళ్ళు కూడా కన్నవాళ్ళని వదిలేసే దాకా వచ్చారన్నమాట" అన్నారు. నేను తలొంచుకున్నాను. ఆ తరవాత ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎవరి సలహా అడగలేదు. ఆఫీసు అయ్యాక ఆరింటికి వెళ్ళి, ఏడింటికి దొంగలా తిరిగొచ్చేవాణ్ణి. నాకు తెలిసిన మూడు తెలుగు కుటుంబాల పెద్దవాళ్ళు అలాంటి చోట్లే వున్నారని చాలాకాలం తర్వాత తెలిసింది. వాళ్ళూ నాలాగే నోరు మూసుకున్నారు.

తొమ్మిదో రోజున అమ్మ ఫైల్లో "కన్‌ఫ్యూజ్‌డ్, అరుస్తోంది" అని రాశారు. అమ్మ అరిచింది "మంట, మంట" అని. భోజనం పళ్ళెంలో కోడిమాంసం పెడితే ముట్టుకోలేదు. "తినడానికి నిరాకరించింది" అని రాశారు. ఆవిణ్ణి నెమ్మదిపరచడానికి ఒక మాత్ర మొదలుపెడతామంటే నేనే సంతకం పెట్టాను. రెండు రోజుల్లో అమ్మ అరవడం మానేసింది. "చక్కగా సర్దుకుంది" అన్నారు నర్సమ్మ. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను సంతోషించాను. తర్వాత వారం మా ఆవిడ బట్టలు మార్చబోతే నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు కనిపించింది. మంచాన వున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పడే పుండు అది. మానడానికి నాలుగు నెలలు పట్టింది.

రాత్రి షిఫ్టులో వుండే అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఇరవై మందికి ఆమె ఒక్కతే. పగలు ఇంకోచోట పనిచేసి వచ్చేది. మనలాగే దేశం దాటి వచ్చిన మనిషి.

నా కోపం మొదట నా మీదే. ఈ దేశంలో 1987లోనే నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం వచ్చింది. సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని మందుతో మగతలో వుంచకూడదు. వైద్యం సంగతులు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. కనీసం 15 నెలలకోసారి చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేయాలి. ఆ తనిఖీ నివేదిక వచ్చేపోయేవాళ్ళకి అందేటట్టు వుంచాలి. వుంచారు కూడా! రోజూ నేను సంతకం పెట్టే పుస్తకం పక్కనే ఆ బైండరు వుండేది. ఆరు వారాల్లో ఒక్కసారీ తెరవలేదు. కారు కొనేముందు మూడు నెలలు రివ్యూలు చదివినవాణ్ణి.

"నాలుగు నక్షత్రాలున్నాయిగా" అనుకున్నాను. ప్రభుత్వం 2008 నించి ఇస్తున్న ఆ నక్షత్రాల్లో తనిఖీ ఒక భాగం, సిబ్బంది లెక్క ఒక భాగం, నాణ్యత కొలతలు మూడో భాగం. ఆ మూడోదాంట్లో చాలావరకు హోము వాళ్ళు తమ గురించి తాము రాసిచ్చుకునేదే. అమ్మకిచ్చిన రకం మందులు ఎక్కువగా వాడితే మార్కులు తగ్గుతాయి. స్కిజోఫ్రెనియా వున్నవాళ్ళకి వాడితే లెక్కలోకి రాదు. ఆ జబ్బు లేనివాళ్ళకీ వున్నట్టు రాస్తున్నారని తేలి 2023లో ఫెడరల్ ప్రభుత్వం ఆడిట్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

అసలు లోపం మనుషులు చాలకపోవడం. ఒక్కొక్కరికి రోజుకి 4.1 గంటల సేవ అందాలని 2001లోనే ప్రభుత్వం చేయించిన అధ్యయనం చెప్పింది. 2024లో ఎట్టకేలకు నిబంధన తెచ్చారు, 4.1 కాదు, 3.48 గంటలు. దానికీ గతి పట్టలేదు. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. జూలైలో కాంగ్రెస్ 2034 దాకా అమలు ఆపేసింది. డిసెంబరులో నిబంధననే రద్దు చేశారు. పల్లెల్లో నర్సులు దొరకరన్నది యజమానుల వాదన. అందులో కొంత నిజం వుంది. కానీ రెండు చోట్ల పనిచేస్తే తప్ప ఇల్లు గడవని జీతం ఇచ్చి, మనుషులు దొరకడం లేదంటే ఎట్లా?

ఇక మన సంగతి. "మేమైతే అలా వదిలేయం" అనేవాళ్ళని ఒకటే అడుగుతాను. ఆలుమగలిద్దరూ ఉద్యోగాలకి పోతే, లేపడానికి ఇద్దరు కావలసిన మనిషిని పగలంతా ఎవరు చూస్తారు? ఆ రోజు మీ ఇంటికీ వస్తుంది. అప్పుడు మీరూ ఎవరికీ చెప్పకుండా, మొదట ఖాళీ దొరికిన చోట చేర్చి వస్తారు. పరువు పేరుతో మనం మాట్లాడకపోవడం వల్ల నష్టపోయేది లోపల, భాష రానిచోట పడుకున్న పెద్దవాళ్ళు.

రెండేళ్ళకోసారి సభలు పెట్టి సినిమా తారల్ని రప్పించుకునే మన సంఘాలకి ఇది చేతకాని పని కాదు. నర్సింగ్ హోముల్లో వున్నవాళ్ళ తరఫున మాట్లాడడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ కార్యాలయం వుంది. వాలంటీర్లకి శిక్షణ ఇచ్చే కార్యాలయాలు చాలా వున్నాయి. ఊరికి ఇద్దరు తెలుగువాళ్ళు చేరలేరా? నొప్పి, మంట, దాహం, బాత్రూం — ఇంగ్లీషు అర్థంతో ఒక కాగితం అచ్చువేసి మంచం పక్కన అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? ఫెడరల్ డబ్బు తీసుకునే హోము దుబాసీని ఏర్పాటు చేయాలని అడగడం 1964 పౌరహక్కుల చట్టం నించి వస్తున్న హక్కు అని మన డాక్టర్లైనా వేదికెక్కి చెప్పవచ్చు కదా!

మొన్న ఒక మిత్రుడు గొంతు తగ్గించి ఫోన్ చేశాడు. పక్షవాతం వచ్చిన వాళ్ళ నాన్నగారిని మర్నాడు నర్సింగ్ హోముకి మారుస్తున్నారట. "ఎవరికీ చెప్పకండి" అన్నాడు. "అది మాత్రం కుదరదు, నలుగురికి చెబుతాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. చివరికి సరే అన్నాడు. ఆ నలుగురిలో ఇద్దరు ఆ వారంలోనే, మిట్టమధ్యాహ్నం, పెరుగన్నం డబ్బా పట్టుకుని వెళ్ళారు. ఒకరు ఆయనకి తినిపిస్తుంటే రెండోవారు ముందు గదిలో కూచుని బైండరు చదివారు.